లండన్ ఆడే పిల్ల

"లండన్ ఆడే పిల్లకాయలు పదహారొందల కాడే నిలబడిపోతారు మేడం. చానామందిని చూశా."

నెల్లూరులో ఒక కల్యాణ మండపం వరండాలో, పేపర్ కప్పులో టీ ఊదుకుంటూ ఒక చెస్ కోచ్ గారు అన్న మాట ఇది. లండన్ అంటే చదరంగంలో తెల్లపావులతో ఆట మొదలుపెట్టే ఒక పద్ధతి, అంటే ఒక ఓపెనింగ్. పదహారొందలు అంటే ఆటగాడి బలాన్ని చెప్పే రేటింగ్ అంకె. నాతో అనలేదు, నా పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో పిల్లాడి వాళ్ళమ్మతో అన్నారు. నాకు వినపడాలనే అన్నారని మాత్రం నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే ముందు రోజు సాయంత్రం మా అమ్మాయి స్కోర్ షీట్ ఆయన చేతిలో పెట్టి "ఒకసారి చూస్తారా సార్" అని అడిగింది నేనే. ఆయన మొదటి రెండు ఎత్తులు చూసి, "ఓ, లండనా!" అని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చేశారు. మిగతా నలభై ఎత్తుల జోలికి పోలేదు.

మూడు వారాలైంది. పేపర్లు దిద్దుతున్నా, పోపు వేస్తున్నా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. ఆయన చెప్పింది అబద్ధమని నేననను. చాలామందిని చూసే ఉంటారు. నేననేది వేరే. కావలిలాంటి ఊళ్ళో, వారానికి ఒక్క రోజు వచ్చి కూర్చునే కోచ్ కూడా లేనిచోట, పన్నెండేళ్ళ పిల్లకి లండన్ నేర్పడం తెలివితక్కువతనం కాదు, పిరికితనమూ కాదు. మా చేతిలో ఉన్నదాంతో మేము చేయగలిగిన మంచి పని అదే. ఆగిపోయే పిల్లలు ఆగిపోయేది ఓపెనింగ్ దగ్గర కాదు. ఇంతవరకూ ధైర్యంగానే రాశాను గానీ, ఈ వాదనకి నాకే రెండు మూడు చిల్లులు కనిపిస్తున్నాయి. వాటినీ రాస్తాను.

తాత బంటు

నాకు చదరంగం నేర్పింది మా అమ్మ వాళ్ళ నాన్న. ఆయనది కందుకూరు. (కందుకూరు ఏ జిల్లా అని అడిగితే ఏ సంవత్సరంలో అని ఎదురడగాలి. 1970 దాకా నెల్లూరు, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు.) తాత ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. క్యాస్లింగ్ (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరపడం) అన్న మాటే లేదు. దాని బదులు, చెక్ తగలకముందు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బిషప్‌ని శకటు అనేవాడు, రూక్‌ని ఏనుగు అనేవాడు. అరుగు మీద సుద్దతో గీసిన గళ్ళు వానాకాలం పోతే మళ్ళీ గీసేవాడు.

ఏడో తరగతిలో మొదటిసారి స్కూళ్ళ పోటీకి వెళ్తే, ఎదురుగా కూర్చున్న పిల్ల మొదటి ఎత్తులోనే బంటుని రెండు గళ్ళు తోసింది. నేను చెయ్యెత్తి "సార్, దొంగాట!" అని అరిచాను. హాలంతా నవ్వింది. ఆ రోజు ఆడిన మూడు ఆటలూ ఓడిపోయాను.

బంటు ఒక్కో గడి నడిచే ఆటలో తొందరపడి లాభం లేదు. ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి, అవతలివాణ్ణి మధ్యలోకి రానివ్వాలి, తర్వాత గిల్లాలి. 1850ల్లో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే ఇంగ్లిష్ ఆటగాడితో మహేశ్ చంద్ర బెనర్జీ ఆడిన ఆటలు ఇప్పటికీ దొరుకుతాయి. చూస్తే నాకు తాతే గుర్తొస్తాడు. బంట్లని నెమ్మదిగా ఒక గడి జరపడం, బిషప్‌ని మూలన కూర్చోబెట్టడం. కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్ పేర్లలో ఉన్న 'ఇండియన్' ఆ తరహా ఆట నుంచి వచ్చిందే. ఇప్పుడు గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అని మనం పిలిచే ఎత్తులు 1855లో బెనర్జీ ఆడిన ఒక ఆటలో ఉన్నాయి. గ్రున్‌ఫెల్డ్ గారు వాటిని ఆడటం మొదలుపెట్టింది 1922లో. పేరు మాత్రం ఆయనకే పోయింది.

లండన్‌కి ఆ పేరు రావడమూ 1922లోనే. ఆ ఏడు లండన్‌లో జరిగిన టోర్నమెంటులో ఈ పద్ధతి ఆడారు, ఊరి పేరు దానికి అతుక్కుంది. ఆ టోర్నమెంటు అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా గెలిచాడు. అక్కడే ఆయన 'లండన్ రూల్స్' అని ఒక కాగితం రాసి పెద్ద ఆటగాళ్ళ చేత సంతకాలు పెట్టించాడు. ప్రపంచ టైటిల్ కోసం తనతో తలపడాలంటే ముందు పదివేల డాలర్ల పర్సు పోగుచేసి రావాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఆటకన్నా ముందు ఫీజు కట్టాలన్న పద్ధతి కొత్తదేం కాదన్నమాట.

ఫీజుల సంగతికొస్తే, నేను లెక్కల టీచర్ని, మా ఆయన మోటార్లు రిపేరు చేస్తాడు. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఆన్‌లైన్ కోచింగ్ పెట్టించాం. గంటకి ఇంత అని లెక్క. ఆ గంటలో పావుగంట "వాయిస్ వినపడతా ఉందా" అనడానికే పోయేది. నాలుగు నెలల తర్వాత మానేశాం. అప్పుడు నేనే కూర్చున్నాను. డి4, బిషప్ ఎఫ్4, ఇ3, సి3, నైట్ ఎఫ్3, బిషప్ డి3, నైట్ డి2. (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస, పావు పేరు లేకపోతే అది బంటు. నైట్ అంటే గుర్రం.) అవతలివాళ్ళు ఏం చేసినా కొంచెం అటూ ఇటూగా ఇదే వరుస. రాత్రిళ్ళు కూర్చుని రెండు వారాల్లో నేను నేర్చుకున్నాను, మూడో వారంలో పిల్లకి చెప్పాను.

మొదటి చిల్లు ఇక్కడే ఉంది. లండన్‌ని నేను ఎంచుకున్నది మా అమ్మాయికి నప్పుతుందని కాదు, నాకు చేతనవుతుందని. సిసిలియన్‌లో నాయ్‌డార్ఫ్ అనేది ఒకటుంది, దాన్ని చెప్పాలంటే ముందు నేను ఉద్యోగానికి సెలవు పెట్టాలి. పిల్లకి ఏం కావాలో నేనప్పుడు అడగలేదు. ఈ మధ్య చూస్తే నా ఫోన్‌లో, నాకు తెలీకుండా, మూడు నిమిషాల ఆటలు ఇ4తో మొదలుపెట్టి కింగ్స్ గ్యాంబిట్ ఆడుతోంది. మంచి బంటుని ముందే వదిలేసుకునే ఓపెనింగ్ అది. "ఎందుకే?" అంటే "బాగుంటది" అంది.

అయినా ఆ రోజుల్లో నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. రేటింగ్ టోర్నమెంట్లు మాకు దగ్గరలో అరుదు, ఎక్కువ చెన్నైలోనే. పినాకిని రైల్లో వెళ్తాం. రోజుకి రెండు రౌండ్లు పెడతారు. రౌండుకీ రౌండుకీ మధ్య అక్కడి పిల్లలు ఒక మూలన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు, లేదా ఫోన్లో కోచ్ ఉంటాడు. తర్వాతి ఆటగాడు ఏం ఆడతాడు, మనం ఏం ఆడాలి, అన్నీ చెప్పేస్తారు. మేము ఆ గంటలో నీడ ఎక్కడుందో వెతుక్కుని పులిహోర డబ్బా విప్పుతాం. అలాంటి పిల్లకి పది రకాల ఓపెనింగులు సగం సగం నేర్పితే, బోర్డు ముందు కూర్చున్నాక ఏది గుర్తురాక మొదటి అరగంటకే డీలా పడిపోతుంది. లండన్ ఆడితే కనీసం పదో ఎత్తు దాకా ఇల్లు నిలబడుతుంది. అక్కణ్ణుంచి ఆట మొదలు. నాకు కావలసింది ఆ ఆటే.

ఇంకో సంగతి. రేటింగ్ అంకెల మీద మరీ మోజు పెట్టుకోవద్దని మాకు ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడేనే నేర్పింది. 2024 మార్చిలో కనీస రేటింగు 1,000 నుంచి 1,400కి పెంచి, కింద ఉన్నవాళ్ళ అంకెలన్నీ ఒక సూత్రం ప్రకారం పైకి జరిపారు. మా అమ్మాయిది 1,120 ఉండేది. ఒక్క ఎత్తు కూడా ఆడకుండా 1,472 అయింది. వాళ్ళ నాన్న షాపులో అందరికీ మలై కాజా పంచాడు. నేను లెక్క చెప్పబోతే, "ఊరుకోవే, పెరిగిందా లేదా" అన్నాడు.

నాలుగో రౌండు

కోచ్ గారి మాట విన్న రోజే నాలుగో రౌండు. మా అమ్మాయికి తెల్లపావులు. ఎదురుగా చెన్నై నుంచి వచ్చిన అబ్బాయి, తెలుగువాళ్ళే, ఈమె కంటే వంద పాయింట్లు పైన. పిల్ల గురించి ముందే కనుక్కుని వచ్చినట్టున్నాడు. డి4, డి5. బిషప్ ఎఫ్4, సి5. ఇ3, క్వీన్ (మంత్రి) బి6.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సి1లో ఉన్న బిషప్ ఎఫ్4కి వెళ్ళిపోయింది కదా. అప్పటిదాకా అది కాపలా కాసిన బి2 బంటు ఇప్పుడు ఒంటరిదైపోయింది. నల్ల మంత్రి వచ్చి దాని మీద కన్నేసింది. లండన్‌కి ఉన్న అసలు నొప్పి ఇదే. తెల్లవాళ్ళ దగ్గర మందూ ఉంది. నైట్ సి3 పెట్టి 'తింటే తిను, తర్వాత నీ సంగతి చూస్తా' అనొచ్చు. క్వీన్ సి1 పెట్టి బి2కి మళ్ళీ కాపలా నిలబెట్టొచ్చు. ఇవన్నీ నోట్ బుక్‌లో రాసిచ్చాను, కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

పిల్ల సి3 ఆడింది. నాలుగో ఎత్తు ఎప్పుడూ సి3యే కాబట్టి.

మంత్రి బి2 తినేసింది. మూలనున్న ఏనుగుని కాపాడుకోవడానికి నైట్ డి2. మంత్రి సి3 కూడా తినేసింది. ఐదెత్తుల్లో రెండు బంట్లు హుష్.

నేను అద్దాల తలుపు బయట ఉన్నాను. లోపల బోర్డు కనిపించదు, పిల్ల ముఖం సగం కనిపిస్తుంది. పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, తీస్తోంది, పెడుతోంది. చెవులు ఎర్రగా కందిపోయాయి. ఏదో పోయిందని నాకర్థమైంది గానీ ఏం పోయిందో తెలీదు. కోచ్ గారు నా వెనకాలే నిలబడి తన శిష్యుణ్ణి చూసుకుంటున్నారు. ఆ అబ్బాయి ఆయన శిష్యుడు కాడు, ఇంకెవరి దగ్గరో నేర్చుకుంటాడు, అయినా ఆ నిమిషంలో ఈ ప్రపంచంలోని మగపిల్లలందరూ ఆయన శిష్యులేనని నాకనిపించింది.

ఆ రాత్రి లాడ్జిలో ఫోన్లో ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) పెట్టి చూశాను. రెండు బంట్లు పోయాక కూడా ఆరో ఎత్తులో రూక్ సి1 అని ఒకటుంది. మంత్రి ఎటు పోయినా తర్వాత ఆ రూక్ వెళ్ళి సి5 బంటుని తింటుంది, వెనక సి8లో ఉన్న బిషప్ మీద పడుతుంది. ఒక బంటు తిరిగొస్తుంది, పావులన్నీ నిద్రలేస్తాయి. మా అమ్మాయి అదీ చూడలేదు. ఆరో ఎత్తు నైట్ ఎఫ్3 ఆడింది. వరుసలో తర్వాతది అదే మరి.

సరే, కోచ్ గారే గెలిచారు, వ్యాసం ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆట ఆగలేదు.

ఆ అబ్బాయి బాగా నేర్చుకున్న పిల్లాడు. బంట్లు ఎక్కువ ఉన్నప్పుడు పావులు మార్చుకుంటూ పోవాలి అని ఎవరైనా చెప్తారు, నేనూ చెప్తాను. అతను మంత్రుల్ని మార్చాడు. గుర్రానికి గుర్రం, గుర్రానికి బిషప్, ఎదురొచ్చిన ప్రతిదీ మార్చాడు. ముప్పయ్యో ఎత్తు దాటాక చివరి రూకుల్ని మార్చుకుందాం రమ్మన్నట్టు ఎదురు పెట్టాడు. అక్కడ మా అమ్మాయి పంతొమ్మిది నిమిషాలు కూర్చుంది. ఆ పంతొమ్మిది నిమిషాలూ నాకు గుర్తే, ఎందుకంటే బయట నేను నెల్లూరు నుంచి కావలికి రాత్రి బండి ఎన్నింటికి ఉందో కూడా చూసేసుకున్నాను.

రూకులు మార్చుకున్నాక మిగిలింది ఇదీ. అతనికి తెల్ల గళ్ళ మీద తిరిగే బిషప్. ఈమెకి నల్ల గళ్ళ బిషప్, ఎఫ్4కి వెళ్ళి ఊరందరి చేత తిట్లు తిన్న అదే బిషప్. కుడిపక్క బంట్లు ఒకదాన్నొకటి తినుకుంటూ ఖర్చయిపోయాయి. చివరికి అతని దగ్గర ఎ, బి బంట్లు రెండు మిగిలాయి, ఈమె దగ్గర బంట్లే లేవు. అతను వాటిని ఎ4, బి3 దాకా నడిపాడు. ఈలోపు మా అమ్మాయి రాజుని తీసుకెళ్ళి బి2లో కూర్చోబెట్టింది.

బి2. నాలుగో ఎత్తులో పోయిన అదే గడి.

బి2 నల్ల గడి. అతని బిషప్ జన్మలో ఆ గడిని తాకలేదు, రాజుకి చెక్ చెప్పలేదు. బి3 బంటు కదలాలంటే రాజు అడ్డం. ఎ4 బంటు ముందుకు జరగాలంటే ఎ3 కూడా నల్ల గడే, అక్కడ ఈమె బిషప్ కాచుకుని ఉంది. ఇంకేముంది, రాజు లేవక్కర్లేదు. బిషప్ ఎఫ్8, ఇ7, డి6, సి5, బి4 అని ఒకే వరుసలో పైకీ కిందకీ నడుస్తూ ఉంటే చాలు, తలుపు దగ్గర పాత వాచ్‌మన్ నడిచినట్టు. అతను రాజుని అటు తెచ్చాడు, ఇటు తెచ్చాడు. నలభై ఎత్తుల పాటు. చివరికి ఆర్బిటర్ (అంపైర్) కూడా పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆ అబ్బాయే డ్రా అడిగాడు.

బయటికొచ్చాక ఏడుస్తుందేమో అనుకున్నాను. "అమ్మా, వాడు రూకులు ఎందుకు మార్చాడో నాకర్థం కాలా," అంది. "బిషప్‌లు వేరే వేరే రంగులుండాయి కదా. మార్చకుండా ఉంటే నేను పోయుండేదాన్ని."

ఈ ఒక్క మాట కోసమే నేనీ వ్యాసం రాస్తున్నానేమో. నాలుగో ఎత్తులో బోర్డు చూడకుండా ఆడింది మా పిల్ల, నిజమే. మరి ముప్పై నాలుగో ఎత్తులో? 'ముందున్నప్పుడు మార్చెయ్' అన్న సూత్రాన్ని బోర్డు చూడకుండా ఆడింది ఆ అబ్బాయి. అతను లండన్ ఆడేవాడు కాదు. ఆ ముందు రౌండులో కింగ్స్ ఇండియన్ ఆడి గెలిచాడు. మంచి కోచ్, మంచి ఓపెనింగ్, మంచి సూత్రం, అన్నీ ఉన్నాయి. కళ్ళు మూసుకుని చేసే పని ఏ ఓపెనింగ్‌లోనైనా, ఏ ఎత్తులోనైనా చేయొచ్చు. లండన్ ఆడేవాళ్ళకి మాత్రమే ఆ రోగం అంటగట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

కోచ్ గారి పక్షాన

ఇప్పుడు ఆయన వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే ఆయన ఇక్కడ లేరు.

అంటే అన్నానంటారు గానీ, రోగం ఎవరికైనా వస్తుంది, కొన్ని ఇళ్ళల్లో దోమలు ఎక్కువ. రోజూ అదే ఏడెత్తులు ఆడే పిల్లకి మొదటి పావుగంట బోర్డు వైపు చూడాల్సిన అవసరమే రాదు. అవసరం లేని పని ఏ పిల్లా చేయదు. ఇ4 ఆడే పిల్లకి మూడో ఎత్తులోనే ఎవరో ఒకరు ఏదో ఒకటి మీదికి తెస్తారు, చచ్చినట్టు చూడాలి. గుకేశ్‌కి 2,500 రేటింగు దాటేదాకా కంప్యూటర్ ఇంజన్ వాడనివ్వలేదని ఆయన కోచ్ విష్ణు ప్రసన్న చెప్పారు. ఆ పద్ధతిలో ఉన్నది ఇదే. బుర్రకి ఊతకర్ర ఇవ్వకూడదు. లండన్ కూడా ఒక రకం ఊతకర్రే అంటే నేను కాదనలేను.

'చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఆడాడు కదా' అని మా గ్రూపులో కొందరు లండన్‌ని వెనకేసుకొస్తారు. నిజమే, 2023లో ఆస్తానాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరో ఆటలో నెపోమ్నియాషీ మీద లండన్‌తోనే గెలిచాడు. 2024లో సింగపూర్‌లో గుకేశ్ మీద కూడా ఆరో ఆటలో అదే తీశాడు, అది డ్రా అయింది. కానీ ఈ వాదన నాకు నచ్చదు. డింగ్‌కి మిగతావన్నీ వచ్చు, అందులోంచి ఆ రోజుకి ఇది ఏరుకున్నాడు. కలెక్టర్ గారు ఒక రోజు సైకిల్ తొక్కారని నా సైకిలుకి బుగ్గ లైటు రాదు.

సింగపూర్ మ్యాచ్‌లో నాకు పనికొచ్చిన ఆట వేరే ఉంది, పదకొండోది. గుకేశ్ నైట్ ఎఫ్3, తర్వాత సి4 అని అంతగా ఎదురుచూడని దారి పట్టాడు. డింగ్ నాలుగో ఎత్తుకే అరగంట పైన కూర్చున్నాడు. ఆ తర్వాత పదకొండో ఎత్తు దగ్గర గుకేశ్ ఏకంగా గంటసేపు ఆలోచించాడు. లైవ్‌లో చూస్తూ మా ఆయన "వీళ్ళకి రాదా ఏంది, ఇంతసేపు కూర్చుండారు?" అన్నాడు. ప్రపంచంలో మొదటి వరుస ఆటగాళ్ళు, వెనక పెద్ద టీములు (గుకేశ్ టీములో మన గుంటూరు హరికృష్ణ ఉన్నారు), అయినా తెలియని బోర్డు ముందు నాలుగో ఎత్తులో ఆగిపోయారు. మా పిల్ల నాలుగో ఎత్తుకి ఎంతసేపు తీసుకున్నావంటే "మూడు సెకన్లు కూడా కాదు" అంది. నేను సిగ్గుపడాల్సింది ఏదైనా ఉంటే ఇదీ. లండన్ నేర్పినందుకు కాదు, లండన్‌ని ఎక్కాల్లా నేర్పినందుకు. ఎక్కాలు చెప్పడం నా వృత్తి, ఆ అలవాటే ఇక్కడా పనిచేసింది. 'బిషప్ వెళ్ళాక ఇంట్లో ఎవరు మిగిలారు?' అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎర్ర సిరాతో గీత గీసి, పరీక్షలో వస్తుంది చూసుకో అన్నాను.

ఇక నన్ను కోచ్ గారి కన్నా ఎక్కువ మండించిన మాట ఒకటుంది. అది నా తరపున వాదించిన పెద్దాయన అన్నది. "పోనీయండమ్మా, ఆడపిల్లే కదా, దానికి లండన్ చాల్లే." ఆయన ఓదార్పుగానే అన్నాడు. మా పక్క జిల్లాల నుంచే హంపి 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, హారిక అయింది, ఇంకా ఈ 'చాల్లే' మన నోట్లోంచి పోలేదు. లండన్ మా అమ్మాయికి చాలు అని నేనెప్పుడూ అనలేదు. మొదలుపెట్టడానికి చాలు అన్నాను. ఈ రెంటికీ తేడా కోచ్ గారికీ తెలీలేదు, ఈ పెద్దాయనకీ తెలీలేదు.

ఎన్నాళ్ళు ఆడాలి, ఎప్పుడు మానాలి అంటే నా దగ్గర సరైన జవాబు లేదు. వచ్చే వేసవి దాకా టోర్నమెంట్లలో లండన్, ఇంట్లో ఇ4 అని ఒప్పందానికొచ్చాం. కింగ్స్ గ్యాంబిట్ కూడా ఆడుకోమన్నాను, నా ఫోన్ దొంగతనంగా తీయనక్కర్లేదని కూడా చెప్పాను. నేను తనకి నేర్పగలిగింది అయిపోవచ్చిందన్నది అసలు భయం. అది ఓపెనింగ్ మార్చితే పోయేది కాదు.

పోయిన ఆదివారం కరెంటు లేదు. పిల్ల వచ్చి, "అమ్మా, తాత రూల్స్‌తో ఆడదామా?" అంది. తాతని తను చూడలేదు, నేను చెప్పిన కథల్లోనే తెలుసు. బంటుకి ఒక్క గడి, క్యాస్లింగ్ లేదు, రాజుకి ఒకసారి గుర్రం దూకుడు. నాకు తెల్లవి ఇచ్చింది. రెండు గళ్ళు తోయడానికి లేదు కాబట్టి డి3 ఆడాను. తను సి6. డి3 ఆడినా సి1 బిషప్‌కి దారి తెరుచుకుంటుంది కదా, ఎఫ్4కి వెళ్ళిపోయాను. తాత కాలంలో కూడా లండన్ ఆడొచ్చని అప్పుడే తెలిసి నాకు నవ్వొచ్చింది.

తను మంత్రిని బి6లో పెట్టింది. నేను ఏదో చెబుతూ, అలవాటుకొద్దీ గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాను.

"అమ్మా," అంది, చెయ్యి గాల్లో ఆపి. "చూసే ఆడావా?"

నేను చూసేలోపు బి2 తినేసింది.